కొబ్బరి తొడుగు విచ్చకముందే: ఒక పుప్పొడి ప్రాజెక్టు డైరీ

కొబ్బరి పూగుత్తి నుంచి లేత పసుపు పొడి రాలడం కోనసీమలో చూడని మనిషి ఉండడు. కానీ అది రాలే రోజుకి అసలు పని అయిపోయి ఉంటుంది. క్రోమోజోములు సగం కావడం, గింజ చుట్టూ గోడ కట్టుకోవడం, లోపల రెండు కణాలు ఏర్పడడం, ఇవన్నీ పూగుత్తిని కప్పి ఇంకా మూసి ఉన్న తొడుగు లోపలే, ఎవరి కంటా పడకుండా జరుగుతాయి. ఆ లోపలి పనిని దశల వారీగా మా కళ్ళతో చూడాలని, ఏ మొగ్గలో ఏ దశ ఉందో రాసిపెట్టాలని మా డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబ్‌లో పిల్లలతో కలిసి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాను.

కొబ్బరినే ఎందుకు ఎంచుకున్నామంటే, పాఠ్యపుస్తకంలో పరాగకోశం, అంటే పుప్పొడి తయారయ్యే సంచి, బొమ్మ ఉంటుంది గానీ అది ఏ మొక్కదో చాలాసార్లు రాసి ఉండదు. మా పిల్లల్లో సగం మంది ఇళ్ళ వెనక కొబ్బరి తోటలున్నాయి. పైగా మా పక్కనే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకం చెట్టు ఆడపువ్వుల మీద గంగాబొండం అనే పొట్టి రకం పుప్పొడి చల్లి 'గోదావరి గంగ' అనే హైబ్రిడ్ తయారుచేసింది అక్కడే. చేత్తో పుప్పొడి చల్లి హైబ్రిడ్ తీసే ఈ పద్ధతికి మన దేశంలో 1930ల నుంచి చరిత్ర ఉంది. 1932లో కేరళలోని నీలేశ్వరంలో జె.ఎస్. పటేల్ పొడుగు రకాన్ని పొట్టి రకంతో సంకరం చేసిన పని నుంచే కొబ్బరి హైబ్రిడ్‌ల సత్తా లోకానికి తెలిసింది. ఇంత పని ఆ పసుపు పొడి మీద ఆధారపడి నడుస్తున్నప్పుడు, అది ఎలా పుడుతుందో చూడకుండా బోటనీ చెప్పడం నాకు వెలితిగా ఉండేది.

జనవరి, సంక్రాంతి వెళ్ళాక

మొదటి పని చెట్టును చదవడం. కొబ్బరిలో ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి ఉంటుంది. బాగా కాసే పొడుగు చెట్టుకి ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు మట్టలు, కాబట్టి నెలకో పూగుత్తి. తొడుగు చీలగానే లోపల మధ్య కాడ, దానికి ముప్పై నలభై రెమ్మలు బయటపడతాయి. ప్రతి రెమ్మ మొదట్లో ఒకటో రెండో ఆడపువ్వులు, అక్కడి నుంచి కొస దాకా మగపువ్వులు. ఆడపువ్వులు గుత్తి మొత్తానికి పదుల్లో ఉంటే మగపువ్వులు వేలల్లో ఉంటాయి.

మాకు ముఖ్యమైంది విచ్చుకునే వరుస. మగపువ్వులు రెమ్మ కొస నుంచి కిందికి విచ్చుకుంటూ వస్తాయి. తొడుగు చీలిన రోజు కొసన ఉన్నవి తెరుచుకుంటాయి. పొడుగు రకంలో చిట్టచివరి మగపువ్వు తెరుచుకునే సరికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆడపువ్వులు ఆ తర్వాతే సిద్ధమవుతాయి. అందుకే పొడుగు చెట్టు తన పుప్పొడి తనకి అందక, గాలి మీదా తేనెటీగల మీదా ఆధారపడి పక్క చెట్టుతో కలుస్తుంది. గంగాబొండం లాంటి పొట్టి రకాల్లో ఈ రెండు కాలాలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి అవి ఎక్కువగా తమలో తామే ఫలదీకరణ చెందుతాయి.

దీన్నిబట్టి ఒకే రెమ్మ మీద కొస నుంచి మొదలు దాకా మూడు వారాల వయసు తేడా ఉన్న మొగ్గలు దొరకాలి. మా ప్రాజెక్టంతా ఈ ఒక్క లెక్క మీద నిలబడింది.

దింపు తీసే పెద్దాయన ఒకరు మాకు సాయానికి ఒప్పుకున్నారు. మేం పిలిచేది బాబాయ్ అనే. చెట్టు కింద నిలబడి పైకి చూసి, "ఆ ఎడం పక్క మట్ట సందులో ఉబ్బు చూడండి మాస్టారూ, అది ఈ పక్షంలో పగులుద్దండి. దాని పైది వచ్చే నెలకండి" అని చెప్పేశారు. పిల్లలు నోట్సులో రాసుకున్నారు. చీలిన తేదీలు తర్వాత చూస్తే ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఈ కొలతకు మా దగ్గర ఇంతకంటే మంచి పరికరం లేదు.

జనవరి నెలాఖరు, ల్యాబ్ సరంజామా

మొగ్గలు కోసిన వెంటనే కణాల పని ఉన్నచోట ఆపేయాలి. దానికి మూడు పాళ్ళు ఆల్కహాలు, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపి పెట్టుకున్నాం. ఒక రోజు అందులో ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే నెలల తరబడి ఉంటాయి. రంగుకి ఎసిటోకార్మిన్. 45 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కార్మిన్ పొడి వేసి సన్నటి మంట మీద మరిగించి వడగట్టాం. ఘాటుకి కళ్ళు మండుతాయి, కిటికీలు తీసే చేయాలి.

స్లయిడ్ చేసే పద్ధతి పిల్లలకి మొదటి రోజే పట్టుబడింది. మగమొగ్గకి మూడు రక్షక పత్రాలు, మూడు ఆకర్షణ పత్రాలు, లోపల ఆరు కేసరాలు. ఒక్క కేసరం చాలు. దాని పరాగకోశాన్ని రంగు చుక్కలో పెట్టి ఇనప సూదితో చితకాలి. సూది కాస్త తుప్పు పట్టినదైతే మరీ మంచిది, ఆ ఇనుము తగిలితే క్రోమోజోములు ముదురు రంగు పట్టుకుంటాయి. పిప్పి ఏరేసి, కవర్ స్లిప్ వేసి, స్పిరిట్ దీపం మీద గోరువెచ్చగా రెండు మూడుసార్లు ఆడించి, బ్లాటింగ్ కాగితం కింద బొటనవేలితో పక్కకి జరగకుండా నొక్కాలి. మిగతాది మైక్రోస్కోపు, ఐపీస్‌కి ఆనించిన ఫోను కెమెరా.

ఫిబ్రవరి మొదటి వారం

అప్పుడే చీలిన పూగుత్తి నుంచి ఒక రెమ్మ. కొస మొగ్గ, నడిమి మొగ్గ, మొదట్లోని మొగ్గ విడివిడిగా చూశాం.

కొస మొగ్గలో గింజలు పూర్తిగా తయారై ఉన్నాయి. ఒక్కో గింజలో రెండు కేంద్రకాలు. ఒకటి పెద్దది, పాలిపోయి పలచగా పరుచుకున్నది. అది శాకీయ కణానిది, రేపు గింజ నుంచి ఆడపువ్వులోకి పెరిగే పరాగనాళాన్ని నడిపేది అదే. రెండోది చిన్నది, ముదురుగా, సాగినట్టుగా ఉంది. అది ఉత్పాదక కణం. కొబ్బరి పుప్పొడి ఈ రెండు కణాల స్థితిలోనే బయటికి వస్తుంది. ఉత్పాదక కణం మళ్ళీ విడిపోయి రెండు పురుష బీజాలు కావడం పరాగనాళం మొలిచాకే.

మొదట్లోని మొగ్గలో, అంటే ఆడపువ్వు పక్కనే ఉన్నదాంట్లో, గింజకి ఒక్కటే కేంద్రకం. నడుమ నీరు నిండిన పెద్ద తిత్తి లాంటి రిక్తిక, కేంద్రకం ఒక వారకి నెట్టుకుపోయి ఉంది. సూక్ష్మసిద్ధబీజం, అంటే ఇంకా పూర్తి పుప్పొడి కాని ఒంటి కణం దశ అన్నమాట. మూడు వారాల తేడా ఒకే రెమ్మ మీద కంటికి కనబడింది.

అయితే క్రోమోజోములు సగమయ్యే క్షయకరణ విభజన మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆ రెమ్మ మీద అన్నిటికన్నా లేత మొగ్గ కూడా దాన్ని దాటేసింది. తొడుగు చీలాక ఎంత వెతికినా విభజన దొరకదని అక్కడే తేలింది. చూడాలంటే మూసి ఉన్న తొడుగుని కోయాలి. కోస్తే రైతుకి ఒక గెల పోయినట్టే. ఇంత చదువు కోసం ఒక నెల కాయలు పోగొట్టుకోమని ఎవరినీ అడగలేను.

ఫిబ్రవరి నెలాఖరు, కూల్చిన చెట్టు

మా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ళ వీధిలో ఇల్లు కట్టుకోవడానికి ఒక పొడుగు చెట్టుని తీసేస్తున్నారని కబురు చెప్పింది. తలభాగం మాకు ఇస్తామన్నారు. వెళ్ళేసరికి వీధి పిల్లలంతా మొవ్వు కోసం కాచుకుని ఉన్నారు. ముందు మా పని, తర్వాత మొవ్వు అని ఒప్పందం కుదిరింది.

బాబాయ్ కింద మట్ట నుంచి ఒక్కోటీ విప్పుతుంటే పిల్లలు మట్టకి నంబరు చీటీ కట్టారు. ముదిరిన కాయల గెల, దాని పైన లేత బొండాల గెల, పిందెలు, పువ్వు మీద ఉన్న గుత్తి, అప్పుడే చీలబోతున్న తొడుగు. అక్కడి నుంచి పైకి అన్నీ మూసి ఉన్న తొడుగులే. చేయి పొడవున్నది, జానెడుది, వేలంత ఉన్నది, గోరంత ఉన్నది. ఆ పైన, తెల్లటి లేత మట్టల మొదట్లో, బ్లేడుతో చీల్చి లెన్సు పెడితే గానీ కనబడని మొలకలు. ఒకే చెట్టు తలలో నెల నెలకీ ఒకటి చొప్పున ఏళ్ళ వయసు వరుసగా పేర్చి ఉంది.

ఈ విషయం గురించి పుస్తకాల్లో చదివిన మాట ఒకటి ఆ రోజు నాకు కొత్తగా అర్థమైంది. కొబ్బరి పూగుత్తి మొలక పుట్టడానికీ, తొడుగు చీలడానికీ మధ్య సుమారు 32 నెలలు. చీలాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. మొత్తం 44 నెలలు. ఈ సంవత్సరం తగ్గిన దిగుబడికి ఈ సంవత్సరం వానల్లోనే కారణం వెతుకుతాం. అది మూడేళ్ళ కిందటి ఎండలో కూడా ఉండొచ్చు. చీటీలు కట్టిన ఆ తలభాగాన్ని చూస్తే ఈ లెక్క చిన్నపిల్లలకి కూడా చెప్పకుండానే అర్థమవుతుంది.

ఒక తొడుగుకి కొమ్ముపురుగు తొలిచిన రంధ్రం ఉంది. లోపల రెమ్మలు నల్లగా కుళ్ళి ఉన్నాయి. మట్టల్ని కత్తిరించినట్టు చేసే పురుగుగానే దాన్ని అందరూ చూస్తారు గానీ, విచ్చని పూగుత్తిని కూడా అది ఇలాగే పాడుచేస్తుంది.

మూసి ఉన్న తొడుగుల్లో పెద్దవాటి నుంచి రెమ్మలు తీసి, కొస, నడుమ, మొదలు అని విడివిడి సీసాల్లో ద్రావకంలో వేశాం. తర్వాత మొవ్వు పంచుకున్నారు. మాకూ ఇచ్చారు.

మార్చి, స్లయిడ్ల నెల

త్వరలో చీలబోయే తొడుగులో కొస మొగ్గల నిండా ఒంటి కేంద్రకం గింజలే. కొన్నిట్లో ఆ కేంద్రకం విడిపోతూ దొరికింది. రెండు కణాల పుప్పొడిగా మారే విభజన అదే. అదే రెమ్మ మొదట్లోని మొగ్గలు మాత్రం నాలుగేసి కణాలు ఒకే గూట్లో ఒదిగి ఉన్న చతుష్కాల దశలో ఉన్నాయి.

దాని పైనున్న తొడుగు మాకు దొరికిన బంగారం. కొస మొగ్గల్లో క్షయకరణ విభజన నడుస్తోంది. మొదట్లోని మొగ్గల్లో ఇంకా విభజన మొదలుపెట్టని మాతృకణాలే, పెద్ద కేంద్రకం, చిక్కటి కణద్రవ్యం.

ఆ విభజన గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొబ్బరికి 32 క్రోమోజోములు. తల్లి నుంచి వచ్చినవి 16, తండ్రి నుంచి వచ్చినవి 16. మాతృకణంలో అవి జతలు కట్టి, ముక్కలు మార్చుకుని, విడిపోతాయి. జతలు లెక్కపెట్టడానికి వీలైన డయాకైనెసిస్ దశలో ఉన్న ఒక కణం బాగా పరుచుకుని దొరికింది. అందులో జతలు లెక్కపెట్టడానికి పిల్లలు వంతులేసుకున్నారు. క్రోమోజోములు చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడతాయి, ఆయిల్ ఇమ్మర్షన్‌లో కూడా కళ్ళు నొప్పి పుడతాయి. అయినా పదహారు జతలు తేలాయి. బోర్డు మీద ఏళ్ళ తరబడి రాసిన ఎన్ ఈక్వల్స్ 16 అనే మాట వాళ్ళ వీధి చెట్టులో కనబడేసరికి ల్యాబ్‌లో ఒక్కసారిగా గోల.

విభజన మొదలయ్యేటప్పుడు మాతృకణం తన చుట్టూ కేలోజ్ అనే గోడ కట్టుకుంటుంది. రెండు విభజనలు ముగిశాక నాలుగు పిల్లకణాలు ఆ కేలోజ్ గోడలోనే ఉంటాయి. ఏకదళ బీజాల్లో చాలావాటికి ప్రతి విభజన తర్వాతా అడ్డుగోడ పడుతుంది. తాటి, కొబ్బరి, ఈత ఉన్న కుటుంబంలో మాత్రం అలా పడేవీ ఉన్నాయి, రెండు విభజనలు అయ్యాక ఒకేసారి పడేవీ ఉన్నాయి. గింజ మీద పరాగనాళం బయటికొచ్చే గాడి ఎక్కడ పడుతుందనేది ఈ గోడల వరుసతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

పరాగకోశం లోపలి పొర పేరు టపెటం. పాఠంలో ఒక వాక్యంతో దాటేస్తాం, నా మటుకు నాకు ఈ కథలో గొప్ప పాత్ర దానిదే. పిల్లకణాలకి తిండి పెట్టేది అది. కేలోజ్‌ని కరిగించి నాలుగింటినీ విడదీసే ఎంజైము ఇచ్చేది అది. గింజ బయటి గోడకి స్పోరోపొలెనిన్ సరుకు అందించేది అది. ఆ సరుకు ఎంత గట్టిదంటే కోట్ల ఏళ్ళ నాటి పుప్పొడి గోడలు రాళ్ళలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. అంతా ఇచ్చేశాక టపెటం తనే కరిగిపోతుంది. మా స్లయిడ్లలో చతుష్కాల దశ దాకా దాని కణాలు పుష్టిగా ఉన్నాయి. పుప్పొడి సిద్ధమైన మొగ్గల్లో దాని జాడ లేదు.

శ్రీలంకలోని లునువిల కొబ్బరి పరిశోధన సంస్థ వాళ్ళు పరాగకోశాల నుంచి టిష్యూ కల్చర్‌లో మొక్కలు తీసే ప్రయత్నాల్లో, తొడుగు చీలడానికి మూడు వారాల ముందున్న పూగుత్తి బాగా పనికొస్తుందని 2008లో ప్రకటించారు. ఒంటి కేంద్రకం దశని పట్టుకోవడం వాళ్ళకి ముఖ్యం. ఆ కణం నుంచి మొక్క వస్తే సగం క్రోమోజోములతో వస్తుంది, వాటిని రెట్టింపు చేస్తే ఒకేసారి శుద్ధ వంశక్రమం దొరుకుతుంది. తరానికి ఏళ్ళు పట్టే చెట్టులో అది ఎంత కాలం కలిసొస్తుందో చెప్పక్కర్లేదు. మా కూల్చిన చెట్టులో ఒంటి కేంద్రకం గింజలు దొరికిన చోటు కూడా ఈ లెక్కకి దగ్గరగానే ఉంది.

మార్చి నెలాఖరు, పోతుతాడి

కొబ్బరితో పోల్చి చూద్దామని కల్లు గీసే ఒకాయన్ని అడిగితే పోతుతాడి, అంటే మగ తాడి, గెల నుంచి ఒక రెమ్మ కోసి ఇచ్చారు. తాటిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, పువ్వు పట్టే దాకా ఏది ఏదో తెలియదు.

మగ రెమ్మ బొటనవేలంత లావు, దాని ఒళ్ళంతా పొలుసులు. ఒక్కో పొలుసు కింద ఒక గుంట. గుంటని నిలువునా కోస్తే లోపల సుమారు ముప్పై మొగ్గలు వంపు తిరిగిన గుంపుగా ఉంటాయి. గుంట నోట్లోంచి ఒకసారికి ఒక్క పువ్వే బయటికొస్తుంది, దాని వెనక తర్వాతది. కొబ్బరిలో మేం రెండు తొడుగులు, పొడవాటి రెమ్మలు తిరిగి కూర్చుకున్న వయసు వరుస ఇక్కడ ఒక్క గుంటలో ఉంది. బయటి పువ్వులో రాలడానికి సిద్ధమైన పుప్పొడి, లోపలికి పోతుంటే ఒంటి కేంద్రకం గింజలు, చతుష్కాలు, అడుగున మాతృకణాలు. తాటికి క్రోమోజోములు 36, జతలు 18.

పుప్పొడి దశలు నేర్పాలనుకునే లెక్చరర్లకి నా సలహా ఒకటే. ఎండాకాలం మొదట్లో పోతుతాడి రెమ్మ ఒకటి సంపాదించండి. చెట్టుకి నష్టం లేదు, రైతుకి నష్టం లేదు, ఒక్క గుంటతో క్లాసంతా గడిచిపోతుంది.

ఏప్రిల్, మొలకెత్తించడం

తయారైన పుప్పొడి బతికి ఉందా లేదా అనేది చివరి పరీక్ష. పొడిగా ఉన్న కొబ్బరి పుప్పొడి మైక్రోస్కోపులో గోధుమ గింజలా కోలగా, నిలువునా ఒక గాడితో కనబడుతుంది. నీటి చుక్క తగలగానే గాడి తెరుచుకుని ఉబ్బి గుండ్రమవుతుంది. ఆ గాడి దగ్గర బయటి గోడ పలచన. ఎండితే అక్కడ ముడుచుకుని లోపలి తేమని కాపాడుకుంటుంది, తడిస్తే పరాగనాళం అక్కడి నుంచే వస్తుంది.

మీడియంకి 8 శాతం చక్కెర, 1 శాతం అగార్, 0.01 శాతం బోరిక్ ఆమ్లం తీసుకున్నాం. అగార్ కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే, బోరిక్ పౌడరు మందుల షాపుది. బోరాన్ లేకపోతే నాళాలు సరిగా సాగవు, కొసలు చిట్లిపోతాయి. పెట్రీ డిష్‌లో తడి ఫిల్టరు పేపరు పరిచి, దాని మీద స్లయిడు పెట్టి మూసి ఉంచాం.

గంగాబొండం పుప్పొడితో మొదలుపెట్టాం. తొడుగు చీలి వారం అవుతున్న గుత్తిలో విచ్చబోతున్న మగపువ్వులు కోసి, కాగితం మీద నీడన ఆరబెట్టి, జల్లించి తీసిన పొడి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి గాడి నుంచి నాళాలు బయటికి సాగుతున్నాయి. అదే పొడిని బల్ల మీద గాలికి వదిలేసి రోజు మార్చి రోజు చూస్తే మొలకెత్తేవి వేగంగా తగ్గిపోయాయి. సిలికా జెల్ ఉన్న సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టింది చాలా మేలుగా ఉంది. సంకరం చేసేవాళ్ళు పుప్పొడిని బాగా ఆరబెట్టి, టాల్కం పొడితో కలిపి, ఆడపువ్వులో పుప్పొడిని అందుకునే కీలాగ్రం తెల్లగా మెరిసి తేనె ఊరే సమయం చూసి చల్లుతారు. ఇంత జాగ్రత్త ఎందుకో పిల్లలకి ఈ పెట్రీ డిష్‌లు చెప్పాయి.

ఎండలు ముదిరిపోతున్నాయి. వేడి, పొడిగాలి ఎక్కువైతే కొబ్బరి పుప్పొడి మొలకెత్తే శక్తి తగ్గుతుందని తెలిసిందే. రైతులతో మాట్లాడేటప్పుడు నేను ఇప్పుడు ఇంకో మాట కలుపుతున్నాను. పుప్పొడిని ఎండ తాకేది అది రాలే రోజున మాత్రమే కాదు. జూన్‌లో, నాలుగు చినుకులు పడ్డాక విచ్చే పూగుత్తిలో క్షయకరణ విభజన జరిగింది మే వడగాడ్పుల్లో. చాలా పంటల్లో వేడికి అన్నిటికన్నా సున్నితమైన దశ ఆ విభజన చుట్టూ ఉన్న రోజులే. పూత బాగుండి, వాన పడి, తేనెటీగలు తిరుగుతున్నా జూన్‌లో పిందె నిలవకపోతే నీళ్ళు, తెగుళ్ళు, ఎరువులతో పాటు మే నెలని కూడా అనుమానించాలి. తోటకి వేసవిలో నీరు పెట్టడం, పాదుల్లో కొబ్బరి పీచు, మట్టలు కప్పడం ఆ మూసిన తొడుగుల కోసం కూడా.

దీన్ని మా తోటల్లోనే పరీక్షించాలని ఇప్పుడు చెట్లు ఎంచుకుంటున్నాం. వేసవిలో నీరు అందే తోట ఒకటి, అందనిది ఒకటి. బాబాయ్ మట్ట సందుల్లో ఉబ్బు చూసి మే చివర, జూన్ నడుమ, జులైలో విచ్చే తొడుగుల కాడలకి వేరువేరు రంగుల నైలాన్ తాళ్ళు కడుతున్నారు. విచ్చిన ప్రతిదాని నుంచీ ఒకే వయసు మగపువ్వులు తీసి, అదే మీడియం మీద, అదే గదిలో మొలకెత్తించి చూస్తాం. ఈసారి గెల కోయక్కర్లేదు, రెండు రెమ్మల కొసలు చాలు. రైతులు ఇద్దరూ ఒప్పుకున్నారు. సెలవుల్లో ఎవరు ఏ వారం రావాలో పిల్లలు పట్టిక వేసుకున్నారు. అది ల్యాబ్ తలుపుకి అంటించి ఉంది.